మూడు కాళ్ల బోర్డు, ఒక శాలువా

పాలకొండ,
సెప్టెంబరు 9

గౌరవనీయులైన తవిటినాయుడు మాస్టారికి నమస్కారాలు.

మన ధర్మ కంటి ఆసుపత్రి తరఫున కొత్తసింగివలస శిబిరంలో మీరు పదకొండేళ్లుగా ఉచితంగా సేవ చేస్తున్నారు. మీరు బస్సెక్కించి పంపినవాళ్లలో తొమ్మిది వందల మందికి పైగా చూపు వచ్చింది. ఆ సంతోషంతోనే ఒక నియమం గుర్తు చేస్తున్నాను. బోర్డు దగ్గర నిలబడి చూపు పరీక్షించే ప్రతి వాలంటీరూ ఏడాదికోసారి తన కళ్లు కూడా పరీక్ష చేయించుకోవాలి. మీరు మూడేళ్లుగా రాలేదు. వచ్చే నెల 12న, బుధవారం ఉదయం తొమ్మిదింటికి దయచేసి రండి.

ఇట్లు,
బోనెల ఎస్తేరురాణి,
వాలంటీర్ల ఇన్‌చార్జి

తా.క.: ఫోను చేస్తే మీరు ఎత్తడం లేదు. అందుకే ఇది మన బస్సు డ్రైవరు సింహాచలం చేత పంపుతున్నాను.

కొత్తసింగివలస,
సెప్టెంబరు 14

సిస్టరు ఎస్తేరురాణి గారికి ఆశీస్సులు.

పసుపు కవరు, మీద పెద్ద కన్ను ముద్ర. చూడగానే సంగతి అర్థమైంది. కిందటేడు దామోదరానికి సన్మానం చేసినప్పుడూ ఇదే కవరు, ఇదే నెల. పదకొండేళ్లకైనా మీకు నా పేరు గుర్తొచ్చింది.

దామోదరమూ నేనూ ముప్పై ఏళ్లు ఒకే బడిలో పనిచేశాం. నేను చరిత్ర చెప్పాను. అతను ఈల ఊదాడు. బడికి చరిత్ర పుస్తకాలు తెప్పించమని నేను అర్జీ పెడితే, పెద్దల చెవిలో ఊది ఫుట్‌బాళ్లు తెప్పించాడు. ఆ బంతులు ఒక్క వానాకాలం నిలవలేదు. అలాంటివాడు మీ వాకిట్లో పేర్లు రాసే బల్ల దగ్గర రెండేళ్లు కూర్చుంటే శాలువా! కొండ గ్రామాల్లో గొంతు చించుకున్నవాడికి పదకొండేళ్ల తర్వాత కవరు!

నాకు సన్మానాలు గిట్టవు. కాని సింహాచలం, "వచ్చే నెల పన్నెండు, బుదారం తొమ్మిదింటికి తప్పకండా రమ్మన్నారు మేస్టారూ," అని మరీమరీ చెప్పాడు కనుక వస్తాను.

మీ,
తవిటినాయుడు

తా.క.: దామోదరానికి కప్పింది పాలిస్టరు శాలువా. సభలో వెనక వరసలో ఉన్నా నాకు తెలిసిపోయింది. నాకు అలాంటిది వద్దు.

పాలకొండ,
సెప్టెంబరు 21

మాస్టారికి నమస్కారాలు.

పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు అర్థం కాలేదు. సన్మానం లేదండి. శాలువా లేదు. కంటి పరీక్ష మాత్రమే.

మరో సంగతి. మీ శిబిరంలోని మూడు కాళ్ల బోర్డు, అదే చూపు పరీక్షకు వాడే ‘E’ గుర్తుల బోర్డు, వెలిసిపోయింది. పైగా వరసలో ఉన్నవాళ్లు ముందువాళ్ల జవాబులు విని బట్టీ పట్టేస్తున్నారు. అందుకని డాక్టరు గారు కొత్త బోర్డు రాయించారు. ఇందులో గుర్తుల వరస పూర్తిగా వేరు. సింహాచలం తెచ్చి పాత మేకుకే తగిలిస్తాడు. సరైన జవాబుల కాగితం జతపరిచాను. దగ్గర పెట్టుకోండి.

ఇట్లు,
ఎస్తేరురాణి

తా.క.: మీ ఉత్తరంలో పంక్తులు ఒకదాని మీదకి ఒకటి ఎక్కేశాయి. కోపంలో రాశారనుకున్నాను.

కొత్తసింగివలస,
అక్టోబరు 2

సిస్టరు గారికి ఆశీస్సులు.

ఉత్తరంతో పాటు ఆహ్వాన పత్రం నమూనా కూడా అందింది. వేదిక మీద కూర్చునేవాళ్లలో దామోదరం పేరుంటే కొట్టేయండి. నా పేరు ముందు బిరుదుల తోకలు వద్దు. మిగతాది మీ ఇష్టం.

ఇక మనసు పాడైన సంగతి. నిన్న శిబిరం. బోర్డుకు వార్నిషు వేయించినట్టున్నారు, వాసన బాగుంది. నా పద్ధతి మీకు తెలుసు. చదువు రానివాళ్లు వేళ్లతో చూపించడం ఈ ఏడాది మానిపించాను. గుర్తుకున్న మూడు కాళ్లూ ఎటు తిరిగి ఉన్నాయో నోరు విప్పి చెప్పాలి: మీదకి, కిందకి, ఏటివైపు, కొండవైపు. ఎరకమ్మ అనే ఆవిడకు కర్రతో మొదటి గుర్తు చూపించాను. అది కొండవైపని నాకు పదకొండేళ్లుగా తెలుసు.

"ఏటేపు," అంది.

"సరిగ్గా చూడు."

"సూత్తన్నాను గదా బాబూ! మూడు కాళ్లూ ఏటేపే ఉన్నాయి. నానేటి గుడ్డిదాన్నేటి?"

"ఆ, గుడ్డిదానివే," అని రాసేశాను.

ఆమె వెనక పద్దెనిమిది మందిదీ అదే పాట. మీరు పెట్టే భోజనానికీ, ఇచ్చే దుప్పటికీ ఊరంతా కూడబలుక్కుని వచ్చిందన్నమాట. ఇంతకన్నా చిన్న కుట్రలతో రాజ్యాలు పోయాయని నేను పాఠం చెప్పాను. ఒక్క గంగన్న మాత్రం గుక్క తిప్పుకోకుండా అన్నీ సరిగ్గా చెప్పాడు. అతన్ని ఇంటికి పంపేశాను. మిగతా పంతొమ్మిది మందినీ బస్సెక్కించాను. దొంగలైతేనేం, ఆపరేషనంటే చీమ కుట్టినంత కూడా ఉండదని వాళ్లకూ ధైర్యం చెప్పాను.

మీ,
తవిటినాయుడు

తా.క.: సన్మాన పత్రం ఎవరు చదువుతారు? దామోదరమైతే నేను మధ్యలో లేచిపోతాను.

పాలకొండ,
అక్టోబరు 7

మాస్టారికి,

పంతొమ్మిది మందీ వచ్చారు. పంతొమ్మిది మంది చూపూ బాగుంది. ఎరకమ్మ డాక్టరు గారి ముందే సూదిలో దారం ఎక్కించి, "ఇప్పుడు సెప్పండి, ఎవులు గుడ్డోలో," అని అడిగింది. అందరూ భోంచేసి, మనల్ని తిట్టుకుంటూ వెళ్లారు.

మీరు ఇంటికి పంపిన గంగన్న ఎరకమ్మకు అన్న. నిన్న అతన్ని ఆమే తీసుకొచ్చింది. మా గేటు స్తంభాన్ని పట్టుకుని, "కూసింత జరుగు బావా," అన్నాడు. పాత బోర్డు అతనికి కంఠతా వచ్చు. ఇంకెవరికి వచ్చో నేను రాయను.

మాస్టారూ, మీ ఎడమ కన్ను పాతికేళ్ల కిందట పోయిందని విన్నాను. ఉన్నది ఒక్కటే. మీ భయం నాకు అర్థమవుతుంది. బుధవారం రాకపోతే మాత్రం శిబిరాన్ని దామోదరం మాస్టారికి అప్పగించాలని డాక్టరు గారు అంటున్నారు.

ఇట్లు,
ఎస్తేరురాణి

తా.క.: రండి. సాంబారులో ములక్కాడలు వేయిస్తాను.

కొత్తసింగివలస,
నవంబరు 20

అమ్మా ఎస్తేరురాణీ,

ఈ ఉదయం కొత్త కళ్లజోడు పెట్టుకుని నీ మూడు ఉత్తరాలూ చదివాను. మొదటిసారి.

అవి వచ్చినప్పుడు నాకు పసుపు రంగూ ఆ పెద్ద ముద్రా తప్ప ఏమీ కనబడలేదు. లోపలి సంగతి నేనే ఊహించుకుని జవాబులు రాశాను. ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. కాని రెండు బీరువాల పుస్తకాలు చదివానని ఊరంతా చెప్పుకున్న మనిషి, తన ఉత్తరం డ్రైవరు చేత ఎలా చదివించుకుంటాడు? ఆ బీరువాలు తెరిచి రెండేళ్లయింది.

బుధవారం ఇస్త్రీ లాల్చీ వేసుకుని వచ్చాను. శాలువా కప్పుతారని తల వంచితే, గడ్డం పట్టుకుని యంత్రానికి ఆనించారు. శుక్లం ముదిరిందనీ, వెంటనే తీయకపోతే ఈ కన్నూ దక్కదనీ డాక్టరు గారు చెప్పారు. నేను లేచి బయటికి నడిచాను. ఎడమ కన్ను ఒక బడి వరండాలో వేసిన శిబిరంలో ఆపరేషను చేశాక చీము పట్టి పోయింది. ఆ భయంతోనే పదకొండేళ్లు ఇతరులకు ధైర్యం చెప్పాను. చెప్పడం సులువు.

ఆసుపత్రి వరండాలో ఎరకమ్మ ఉంది. ఆపరేషనైన గంగన్నకు కట్టు విప్పే రోజట. ఆమె గొంతు గుర్తుపట్టాను.

"ఏటి మేస్టారూ, ఎల్లిపోతన్నారు?"

"నాకు పనుంది."

"సీమ కుట్టినంత కూడా ఉండదని మాకు సెప్పినారు గదా. మిమ్మల్ని కుట్టే సీమ ఏరేటి?"

తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

నిన్న ఆ పంతొమ్మిది మంది గడపలూ తొక్కి తప్పు ఒప్పుకున్నాను. ఎరకమ్మ నన్ను వాకిట్లో నిలబెట్టి, మూడు వేళ్లు చాపి, "ఎటేపు?" అని అడిగింది. ఏటివైపే. శిబిరం నాకు తిరిగి ఇస్తే, కొత్త బోర్డు బట్టీ పట్టనని మాటిస్తున్నాను.

నీ,
తవిటినాయుడు

తా.క.: నా కట్టు విప్పిన రోజు దామోదరం చూడ్డానికి వచ్చాడు. అతని మొహం సరిగ్గా చూసి మూడేళ్లయింది. బాగా ముసలివాడైపోయాడు. నాకు చాలా హాయిగా అనిపించింది. వార్డులో ఫ్యాను గాలికి నేను వణుకుతుంటే, ఇంటికి వెళ్లి తన శాలువా తెచ్చి కప్పాడు. ఇవాళ దాన్ని ఎండలో పట్టుకుని పోగు పోగునా చూశాను. పాలిస్టరు కాదు. మంచి ఉన్ని. ఈ సంగతి దయచేసి అతనికి తెలియనివ్వకు.