చక్రాలు లేని కారు

విజయనగరం

పూజ్యులైన చిన్నాన్నకు యమున నమస్కారాలు.

ఇక్కడ మేం కులాసా. ఫోను మోగితే ఎవరికేమైందోనని పిన్ని హడలిపోతోందని మీరు దాన్ని బియ్యం డబ్బాలో పెట్టేశారు కనుక ఉత్తరమే రాస్తున్నాను.

రేపు గంగరాజు చేపల వ్యాను మీ ఊరికి ఖాళీగా వస్తోంది. అందులో నా కరెంటు కారు అడుగుభాగం పంపుతున్నాను. ఛాసిస్ అంటారు. గొట్టాలూ వెల్డింగూ లేకుండా, ఉత్త రేకును మన బీరువాల మడత మిషను మీద చుట్టూ అంచులు పైకి లేచేలా మడిచి రివెట్లు కొట్టాను. బీరువా తలుపు రేకు పల్చనిదే అయినా అంచు మడిస్తే బిగుసుకుంటుంది చూడండి, ఇదీ అంతే. మొదట చేసినది మీ అల్లుడు కూర్చోగానే నడుము వంగిపోయింది. "ఇదీ వంగితే ఇంక కారు మాటెత్తకు. బుద్దిగా బీరువాలు సేసుకుందాం" అన్నారు. నేనూ సరేనన్నాను. కాబట్టి చిన్నాన్నా, ఇదే నా ఆఖరి ఛాసిస్.

పెళ్లిళ్ల కాలం కదా, షాపు నిండా బీరువాలే. అందుకని మీ పశువుల పాకలో, చక్రాలుండే నాలుగు మూలల కింద ఇటుకలు పేర్చి, దానిమీద పెట్టించండి. గంగరాజుకూ ఇదే చెప్పాను. వస్తువేమిటో మాత్రం చెప్పలేదు, దారి పొడుగునా చాటింపు వేస్తాడు. ఉప్పుగాలి, తడి తగలనివ్వకండి. ముహూర్తాలు అయ్యాక వచ్చి, ధాన్యం బస్తాలు ఎక్కించి చూస్తాను.

మీ బిడ్డ,
యమున

తా.క.: మొదటి ఛాసిస్ వృథా పోలేదు. వంగిన చోట వాన నీళ్లు నిలిచి కాకులు స్నానం చేస్తున్నాయి.

కళింగపట్నం

చి. సౌ. యమునకు చిన్నాన్న నారాయణమూర్తి ఆశీస్సులు.

నీ ఉత్తరమేదీ రాలేదు కానీ, నువ్వు పంపిన కుడితి గోలెం గంగరాజు వ్యానులో వచ్చి దిగింది. మన రాతి గోలెం పగిలిపోయి గేదె బకెట్టులో తాగలేక అవస్థ పడుతోందని పోయిన ఉత్తరంలో ఊరికే రాశాను. నువ్వది మనసులో పెట్టుకుని ఏకంగా ఇనుప గోలెమే పంపావు. మీ పిన్నికి కళ్లనీళ్లు వచ్చాయి. "కన్నకూతురైనా ఇలాగ సెయ్యదు" అంది.

ఇటుకల మీద పెట్టమన్నావట. ఎంత ముందుచూపమ్మా, ఆ ఎత్తు గేదె మూతికి సరిగ్గా సరిపోయింది. అడుగున ఆ చిల్లులెందుకో మాత్రం తెలియలేదు. కుడితి కారిపోతోంటే తారు కాచి అన్నీ పూడ్పించాను. ఇంటికి కొత్త వస్తువు వస్తే వాడకుండా ఉంచడం మనకు అలవాటు లేదు కదా. పసుపు రాసి, బొట్లు పెట్టి, మంచి ఘడియ చూసి కుడితి పోశాం.

ఆశీస్సులతో,
చిన్నాన్న

తా.క.: పొడవు కాస్త ఎక్కువైంది. గేదె ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసకు వెళ్లేసరికి దానికి మళ్లీ ఆకలేస్తోంది.

విజయనగరం

చిన్నాన్నకు నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక ముందు ఏడ్చాను. అది గోలెం కాదు, కారు. ఆ చిల్లులు బోల్టులకు, బరువు తగ్గడానికి నేనే కొలిచి కొట్టినవి. నా మొదటి ఉత్తరం ఏ పోస్టాఫీసులో నిద్రపోతోందో. దయచేసి కుడితి పారబోసి, కడిగి, ఆరబెట్టండి. గేదెను దాని చాయలకు రానివ్వకండి. ఆ ఛాసిస్ వంగిందంటే ఇంకొకటి చేయనని మీ అల్లుడికి మాటిచ్చాను.

మీ యమున

తా.క.: పిన్ని కళ్లనీళ్లకు నా లెంపలు వేసుకుంటున్నాను. అసలైన గోలెం తప్పక చేసిస్తాను, చిల్లులు లేకుండా.

కళింగపట్నం

చి. సౌ. యమునకు ఆశీస్సులు.

నీ రెండు ఉత్తరాలూ ఒక్కసారే వచ్చాయి. చదివిన వెంటనే కుడితి పారబోశాం. అయితే ఇంకో చిక్కు వచ్చింది. చక్రాలుండే మూలలని రాశావు. ఇక్కడ మూలలే ఉన్నాయి, చక్రాలు లేవు. మీ పిన్ని గంగరాజును పిలిపించి, కూర్చోబెట్టి అన్నం వడ్డిస్తూ నిలదీసింది. "ఒరే, మా పిల్ల కారు సక్రాలు ఏ ఊర్లో దింపీసినావు? నిజం సెప్పు." వాడు రెండోసారి పులుసు పోయించుకుని, "నాను మోసీది సేపలమ్మా, ఆటికి సక్రాలుండవు" అన్నాడు.

ఈ విచారణలో ఉండగా పాక వైపు ఎవరమూ చూడలేదు. కడిగిన రేకు చల్లగా ఉందేమో, గేదె ఎండకు తాళలేక అందులోకి ఎక్కి పడుకుంది. గెంటినా, బతిమాలినా సాయంత్రం దాకా లేవలేదు. అది లేచాక ఈ కొస నుంచి ఆ కొసకు నూలుతాడు బిగించి చూశాను. ఎక్కడా వంగలేదు. నమ్మక గంగరాజు చేత కూడా పట్టించి చూశాను. వెంట్రుకంత కూడా వంగలేదు.

ఆశీస్సులతో,
చిన్నాన్న

తా.క.: నువ్వు చెప్పిన ధాన్యం బస్తాలు ఎక్కించే పని ఇంకా ఉందంటావా? గేదె మాత్రం రోజూ వచ్చి సిద్ధంగా నిలబడుతోంది.

విజయనగరం

చిన్నాన్నకు, పిన్నికి నమస్కారాలు.

మీ ఉత్తరం ఆయనకు పైకి చదివి వినిపించాను. "వంగనేదా?" అన్నారు. మళ్లీ చదవమన్నారు. తర్వాత లేచి వెళ్లి, షాపు వెనక అమ్ముడుపోని బీరువా తాళం తీశారు. లోపల నాలుగు కొత్త చక్రాలున్నాయి చిన్నాన్నా. మొదటి ఛాసిస్ వంగిన వారమే కొని దాచారట. మరి నన్నెందుకు మానేయమన్నారని అడిగాను. "ఇయ్యి ముందే సూపించి, మల్లీ వంగిపోతే, నీ మొకం నాను సూడగల్నేటి" అన్నారు.

గంగరాజుకు నా తరఫున క్షమాపణ చెప్పండి, చక్రాల దొంగ మా ఇంట్లోనే దొరికాడు. ఆదివారం షాపు మూసి ఇద్దరం వస్తున్నాం. బిగించడానికి పానాలు ఆయన సర్దుతున్నారు. నాకు సంతోషంతో అక్షరాలు కుదురుగా రావడం లేదు.

మీ బిడ్డ,
యమున

తా.క.: కారు నేనే నడుపుతాను. ఆయన నా పక్కన కూర్చోనని, గేదె పడుకున్న చోటు చూపిస్తే సరిగ్గా అక్కడే కూర్చుంటాననీ అంటున్నారు. కాస్త గుర్తు పెట్టి ఉంచండి.