సాయంత్రం ఆసుపత్రి

పల్లెపాలెం,
4-2-1963

ప్రభువునందు ప్రియమైన పుష్పక్కకు, నవోమి వందనాలు.

ఇక్కడ నర్సు పని అంటే పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఈగలు తోలుకోవడమే. తెల్లారి పడవలు రాగానే ఆడవాళ్ళంతా చేపల గంపలెత్తుకుని బిట్రగుంట పోతారు. మళ్ళీ రావడం దీపాల వేళకే. నిన్న పెంచలమ్మ మొహం మీదే అడిగింది: "నువ్వు తలుపు తీసేతలికి మేం పోయుంటాం, మేం వచ్చేతలికి నువ్వు మూసుంటావు. నీ మందులు గోడలకు తాపతా ఉండావా నర్సమ్మా?"

నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. పోయిన నెల మశూచికి ముగ్గురు పిల్లలు పోయారు. టీకా మందు నా దగ్గరే ఉండింది. జిల్లా ఆఫీసులో ఉన్నావు కదా, వేళలు సాయంత్రానికి మార్చమని ఆఫీసరుగారి చెవిన వేయవా?

నీ చెల్లెలు,
నవోమి

నెల్లూరు,
11-2-1963

నా బంగారు నవోమికి,

నర్సు ట్రైనింగులో నా పక్క మంచం మీద దుప్పటి కప్పుకుని ఏడ్చిన పిల్లేనా ఇది! ఆఫీసరుగారు లెక్కలు లేనిదే వినరు. సాయంత్రం తీసి చూడు, ఎంతమంది వస్తారో ఉన్నదున్నట్టు రాయి. నా దగ్గర దాపరికమేమిటి? మీ బావ మీ ఊరికి దగ్గర్లోనే కావలి బడిలో పంతులు, నేనిక్కడ. అటువైపు బదిలీ అడిగి అడిగి రెండేళ్ళుగా నోరు నొప్పెట్టింది. నీ పనైనా కానీ.

ప్రేమతో నీ అక్క,
పుష్పకుమారి

పల్లెపాలెం,
18-3-1963

మా మంచి అక్కకు,

తీశాను! పొద్దున తాళం, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా లాంతరు. నెలలో రెండువందల పదిమందికి టీకాలు. ఆదివారం తలనొప్పి అని పాస్టరుగారితో బొంకి, ఆరాధన ఎగ్గొట్టి మరీ వేశాను. దేవుడు క్షమిస్తాడులే. లెక్కలు వేరే కాగితం మీద రాసి ఇందులోనే పెట్టాను, అది చూపించు.

ఒక్కటే భయం. రిజిస్టరులో పొద్దున వేళలే అచ్చయి ఉన్నాయి. రోజూ ఎనిమిదికి వచ్చినట్టే సంతకం పెడుతున్నాను. ఈ ముక్క నీ కడుపులో దాచుకో.

నీ నవోమి

నెల్లూరు,
20-4-1963

ప్రియమైన నవోమికి,

మెమో అందే ఉంటుంది. ఆఫీసరుగారు రుజువేదీ అన్నారు, నీ ఉత్తరం ఇచ్చాను. ఆదివారంతో సహా సాయంత్రం వేళలు మంజూరయ్యాయి, సంతోషించు. దొంగ సంతకాలకు నిన్ను తీసేశారు, అది ఆపడం నా చేతుల్లో లేదు. ఒకటో తేదీ నుంచి నన్ను అక్కడికి వేశారు. కొత్త మొహం చూసి ఆడవాళ్ళు రారేమోనని దిగులుగా ఉంది. నువ్వొక మాట చెప్పి వెళ్ళు. తప్పుగా అనుకోకు.

పుష్పకుమారి

పల్లెపాలెం,
25-4-1963

పుష్పకుమారిగారికి,

లెక్కల కాగితం వేరే పెట్టానే! అదొక్కటీ ఇస్తే సరిపోయేది. మా అమ్మకు కూడా చెప్పని మాట మీకు రాశాను. నమ్మించి గొంతు కోశారు.

నిన్న సాయంత్రం ఆడవాళ్ళను పోగుచేసి, కొత్త నర్సమ్మ వస్తోంది, బిడ్డల్ని తీసుకురండని చెప్పాను. "ఎట్టాంటి మనిషి?" అని అడిగింది పెంచలమ్మ. చెయ్యి మంచిది, పిల్లలకు నొప్పి తెలియనీదు అన్నాను. అబద్ధం కాదు. మిగతాది చెబితే ఒక్కరూ గడప తొక్కరు.

తాళంచెవి పెంచలమ్మ దగ్గర ఉంచాను. నాకింక ఉత్తరాలు రాయకండి.

నవోమి