కుచ్చిళ్ళు పోసే పని

ఏప్రిల్ 23, 1962. పెనుకొండ.

ఈ రోజు హిందూపురంలో, నేను పనిచేసే చీరల అంగట్లో, చేయకూడని పని చేశాను. అగళి నుంచి వచ్చిన ముసలమ్మ. పట్టుచీర పట్టుకుని అరగంటగా తేల్చుకోలేకపోతోంది. "మనమరాలు రాలేదప్పా... కడితే ఎట్లుంటాదో యాడ తెలుస్తాది?" జాలేసింది. చీర విప్పి నా పంచె మీదే చుట్టుకున్నాను. కుచ్చిళ్ళు, కొంగు — చిటికెలో. అద్దంలో చూసి నేనే ఉలిక్కిపడ్డాను.

చీర కట్టి పదమూడేళ్ళయింది.

ఏప్రిల్ 24

ముసలమ్మ నిన్న మురిసిపోయి ఆ చీరే కొంది. అంగడి యజమాని శెట్టిగారు పిలిచారు. "ఏమప్పా హనుమంతూ, కట్టి చూపిచ్చేది ఇంక నీ పనే. రవికె గుడ్డలు కోసేది మాత్రం ఇడిసిపెట్టొద్దు." జాలిపడినందుకు నాకే రెండు పనులు — పోనీలే పాపమని పాతచీర ఇస్తే గోడచాటుకు పోయి మూరలేసిందట!

ఏప్రిల్ 26

పక్కన చీరలు మడతపెట్టే ఖాదర్ — "ఇంత బాగా యాడ నేర్చుకుంటివబ్బా?"

ఇంట్లో చూసి, అన్నాను. అబద్ధం.

ఏప్రిల్ 29. ఆదివారం.

సెలవు. ఊరికే కూర్చుంటే ధర్మవరం గుర్తొస్తోంది. నాటకంలో నాది రాణి వేషం. ముఖానికి పూసుకునే అర్దళం వాసన. తెర వెనక కొంగు సర్దుకుంటూ ఉంటే అవతల హార్మోనియం. నేతగాళ్ళు ఎరువిచ్చిన ఆకుపచ్చ చీర. నేను అడుగుపెట్టగానే జనం గోల ఆగిపోయేది... ఎంత బాగుండేదో ఆ క్షణం!

పెండ్లికి ముందు మామ, రాములమ్మ నాయన, అన్నాడు: "మళ్ళా చీర ఒంటిమీద ఏసుకోనని మాటియ్యి. అట్లయితేనే పిల్లనిస్తా." ఇచ్చాను. మామ పోయాడు. మాట అట్లే ఉంది.

రాములమ్మకు ఈ కొత్త పని సంగతి చెప్పలేదు.

మే 2

ఒప్పుకుంటాను. ఈ పని నాకు ఇష్టం. పైట సర్దేటప్పుడు పాత పద్యం పెదవుల మీదికొస్తోంది. సిగ్గులేని మనిషిని.

మే 3

రాములమ్మ: "మా అన్న కూతురి పెండ్లి బట్టలు మీ అంగట్లోనే తీస్తాం. రేపు నేనూ వస్తాండా."

చెప్పాల్సింది. చెయ్యి కడుక్కుని వాకిట్లోకి పోయాను.

మే 4

వచ్చింది, వాళ్ళన్నతో. శెట్టిగారు ఆమెను ఎప్పుడూ చూడలేదు. "హనుమంతూ, ఈయమ్మకు కట్టి చూపించు!" రాములమ్మ నన్నే చూస్తోంది. "చూపించు" అంది, అంతే. పంచె మీదే కట్టుకున్నాను. కుచ్చిళ్ళు జారిపోయాయి.

ముగ్గురం తిరుగు రైలెక్కాం. వాళ్ళన్న కునుకు తీస్తున్నాడు. మలుగూరు స్టేషన్ దాటాక, రాములమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే —

"పెండ్లికి ముందు ధర్మవరంలో నీ నాటకం చూసినా నేను. ముందర చాపలోనే కూసోనుంటి."

నమ్మలేదు. "ఏ చీర?" అన్నాను.

"ఆకుపచ్చది. ఆ పొద్దు కుచ్చిళ్ళు జారలేదు."

పెనుకొండ వచ్చేసింది. వాళ్ళ నాయనకు నేనిచ్చిన మాట సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇన్నేళ్ళు ఎందుకు దాచావని అడగాలని ఉంది... అడిగితే, ఆమె కూడా నన్ను అదే అడుగుతుంది.