పుట్టింటి చీర

అప్పలనరసింహానికి,

మీ సంహిత ఫోన్ చేసింది. "మావయ్యా, నాన్నకి కరోనా వచ్చినాది. గదిలో ఇచ్చిన గంజి మొన్నటి నుంచి ముట్టుకోటం లేదు. ఇంకేటి బతుకులే అంటన్నాడు" అని ఏడ్చింది.

నిరుడు ఆషాఢంలో ఇదే రోగంతో మీ అక్క పోయింది. ఆడపిల్ల పోతే పుట్టింటివాళ్లు చీర కప్పాలి. నీకు కబురు పెట్టాను. భయపడ్డావు, రాలేదు. చీర కూడా పంపలేదు. చూడామణి ప్లాస్టిక్ సంచిలో వెళ్లింది.

మనిషి ఎందుకు బతకాలో తెలుస్తుందని, ఇంట్లో ఉన్న వేదాంత గ్రంథాలన్నీ మళ్లీ చదివాను. ఏదీ పనిచేయలేదు. నీ మీద కోపమే నన్ను రోజూ లేపి అన్నం తినిపించింది. నిన్ను ఎదురుగా నిలబెట్టి అడగాలని బతికాను. ఇప్పుడు నువ్వు పోతే నేనెవరిని అడగాలి?

ఈ కాగితం గంజిగిన్నెతో పాటు లోపలికి పంపుతున్నాను. సంహిత వద్దంటున్నా పొందూరు నుంచి వచ్చి నీ గది తలుపు ఇవతలే కూర్చున్నాను. గంజి తాగు. సంవత్సరీకానికి చీర నువ్వే తేవాలి. తిట్లన్నీ ఆ రోజుకి దాచాను.

ఖాళీ గిన్నె బయటికి వచ్చేదాకా నేను కదలను.

నీ బావ