కేసు కోసం స్కాన్

జమ్మలమడుగు,
ఆగస్టు 1999

ప్రియమైన అఖ్తర్,

నీ మీద కోపంగా ఉంది. తల స్కాన్‌కని నీ సెంటర్‌కు పంపిన పిల్లవాణ్ని, స్కాన్ తీయకుండానే వెనక్కి పంపావేమిటి? వాడు పెద్దోబయ్య మనవడు. వాళ్ల ఊళ్లో పార్టీ పెత్తనమంతా ఆయనదే. ఎన్నికల గొడవలో ఎదుటి పార్టీవాళ్లు విసిరిన రాయి వాడి తలకు తగిలింది. స్కాన్ ఉంటే కేసు గట్టిపడుతుందని ఆయన పట్టు. జీపు నిండా మనుషులతో వచ్చి, "తీపిస్తావా లేదా డాక్టరమ్మా?" అని నా ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాడు. ఎక్స్‌రే లాంటిదేగా, ఒక్కటి తీస్తే ఏం పోతుంది? మళ్లీ పంపుతున్నాను.

కోపం తగ్గని నీ స్నేహితురాలు,
రత్నమణి

ప్రొద్దుటూరు

ప్రియమైన మణీ,

కోప్పడు, పరవాలేదు. పిల్లవాణ్ని నేను బాగా పరీక్షించాను. స్పృహ తప్పలేదు, వాంతి లేదు. నా బిస్కెట్లన్నీ తినేసి ఇంకా కావాలన్నాడు.

ఒక్క తల స్కాన్ దాదాపు వంద ఛాతీ ఎక్స్‌రేలకు సమానం. ఎదిగే ఒంటికి ఆ కిరణాల వల్ల ముప్పు ఎక్కువ. ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా బయటపడొచ్చు. ముప్పు కొంచెమేలే. కానీ అవసరం లేనప్పుడు ఆ కొంచెమైనా ఎందుకు? మొన్న డాక్టర్ల సమావేశంలో అడిగితే చాలామంది నీలాగే అన్నారు. మన చదువులో ఎవరూ నొక్కి చెప్పలేదు మరి.

వాణ్ని నీ వార్డులో ఉంచుకుని కనిపెట్టి చూడు. వాంతులు, మత్తు, ఫిట్స్... ఏది కనిపించినా ఏ వేళైనా తీస్తాను. కేసు కోసం మాత్రం తీయను.

నీ అఖ్తర్

జమ్మలమడుగు

అఖ్తర్,

ఈ చీటీ తెచ్చిన కృష్ణమ్మ చేతిలో ఉన్నది ఆమె మనవరాలు. అదే గొడవలో రాయి తగిలింది. వీళ్లది ఎదుటి పార్టీ. పొద్దున్నుంచి వాంతులు. పిలిస్తే కళ్లు తెరవడం లేదు. వెంటనే తీయి.

పెద్దోబయ్య మనవడు ఇక్కడ నా వార్డులో గోలీలాడుతున్నాడు. ఈ పాపకు తీశామని తెలిస్తే ఆయన ఊరుకోడు. అయినా పంపుతున్నాను.

రత్నమణి

ప్రొద్దుటూరు

మణీ,

తల వరకే, పాప ఒంటికి తగ్గట్టు కిరణాలు తగ్గించి తీశాను. పుర్రె కింద రక్తం గడ్డకట్టింది. వెంటనే కర్నూలుకు పంపాను. ఆపరేషన్ అయింది. నిన్న "అవ్వా" అని పిలిచిందట! పెద్దోబయ్య నీ మీదికి వస్తాడేమో. నేను రానా?

నీ అఖ్తర్

జమ్మలమడుగు

ప్రియమైన అఖ్తర్,

రానక్కర్లేదు. ఆయన వచ్చి వెళ్లాడు కూడా.

"వాళ్ల పాపకు తీపిచ్చి మావానికి ఎందుకు తీపియ్యలేదు? నువ్వు ఆ పార్టీనా?" అన్నాడు.

"అప్పా, ఆ పాప తలలో రక్తం గడ్డకట్టింది. మీవాడికి ఏమీ లేదు. ఊరికే స్కాన్ తీస్తే పిల్లోనికే చెడుపు. కేసు మీది, తల వాడిది" అన్నాను.

అప్పుడు ఆయన కోడలు పెంచలమ్మ, ఆయనెదుట ఎన్నడూ నోరు విప్పనిది, ముందుకొచ్చింది. "మామా, నా బిడ్డ ఆడుకుంటాండాడు. దేవునికి దండం పెట్టుకోవాల్సింది పోయి ఏంది ఈ పంతం? వాణ్ని కేసులోకి లాగొద్దు."

పెద్దోబయ్య మనవణ్ని భుజానికెత్తుకుని గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ నా దగ్గరికొచ్చాడు.

"ఆ పాప బతికిందా?"

"బతికింది."

"మంచిది" అన్నాడు, బయటున్న తన మనుషులకు వినపడకుండా.

నీ రత్నమణి