పెద్ద డ్రమ్మూ నలభై చుక్కలూ

మార్చి 3, సోమవారం

కోడలు ఈ నోటుబుక్ ఇచ్చింది. అత్తయ్యా, మీ భయాలన్నీ ఇందులో రాసుకోండి, నా చెవిలో కాదు అంది. నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. కళ్ళకేమైనా అయిందేమో.

అదే రోజు, మధ్యాహ్నం

సరే, రాస్తాను. గ్యాస్ కట్టేశానా లేదా. మావాడు లారీ తోలుతూ కునుకు తీస్తాడేమో. అన్నిటికన్నా పెద్ద భయం ఆ డ్రమ్ములు.

మా మరిది కుర్రతనంలో బ్యాండులో వాయించిన సెట్టు అది. ఐదు డ్రమ్ములు. చెక్కవి కావు, ఫైబర్‌గ్లాస్‌వి. పడవలు చేస్తారే, ఆ సరుకే. పిల్లలు పుట్టాక వాటిని మా అటక మీద పడేసి మరిచిపోయాడు. ముప్ఫై ఏళ్ళు. ఇప్పుడు పాత బ్యాండువాళ్ళంతా బట్టతలలేసుకుని మళ్ళీ కలిశారు. ఇరవై మూడో తారీఖున టౌన్‌హాల్లో ప్రోగ్రాం పెట్టుకున్నారు.

కోడలు పెళ్ళికి ముందు పడవల షెడ్డులో పనిచేసింది. నేను బాగుచేసిస్తా చిన్నమావయ్యా అని మాటిచ్చేసింది. పెరట్లో సొంతంగా షెడ్డు వేసుకుంది. బోర్డు మీద రంగు ఇంకా ఆరలేదు. ఇదే మొదటి పని. ఇదే చెడితే రెండో పని ఎవరిస్తారు?

మార్చి 4

నిజం రాస్తాను. పెద్ద డ్రమ్ము పగిలింది నా వల్లే. అందులో దుప్పట్లు కుక్కి, ఎలుకలు దూరతాయన్న భయంతో పైన ఇనప్పెట్టె పెట్టాను. మరిది చూసి, వదినా, నా డ్రమ్ములో కాపురం పెట్టావా అన్నాడు. నవ్వాడు గానీ ఆ బీటని వేలితో తడుముతూనే ఉన్నాడు.

మార్చి 6

కోడలు పని చూశాను. పైన బిగించినవీ బోల్టులూ అన్నీ విప్పేసి వట్టి గుల్లలు మిగిల్చింది. పాత రంగు గీకేసింది. నీళ్ళు పోస్తూ ఎమరీ పేపరుతో రుద్దుతుంది. పొడిగా రుద్దితే గాజుదుమ్ము లేస్తుందట. బీట మీద గాజునార గుడ్డ పరిచి రెసిన్ పూస్తుంది. రెసిన్ తేనెలా ఉంటుంది. అందులో హార్డెనర్ చుక్కలు వేస్తే రాయవుతుంది.

మాస్కు పెట్టుకుని, దాని మీద కొంగు కట్టుకుని, కళ్ళద్దాలు కూడా పెట్టుకుని నించున్నాను. బ్యాంకు దోచడానికా అత్తయ్యా అంది.

ఏడుసార్లు తుమ్మాను.

మార్చి 10

చిన్నవి నాలుగూ అయిపోయాయి. కొత్త బిందెల్లా మెరుస్తున్నాయి. ఇంత సవ్యంగా జరుగుతుంటే నాకింకా భయం.

మార్చి 11, పదకొండు గంటలు

ఘోరం చేశాను.

పెద్దదానికి కోడలు రెసిన్ గిన్నెలో పోసింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర పార్శిల్ బండివాడు హారన్ కొట్టాడు. అత్తయ్యా, నలభై చుక్కలు వేసి కలుపుతూ ఉండండి, వచ్చేస్తా అని పరిగెత్తింది. సీసా మీద మంట బొమ్మ ఉంది. పన్నెండు దాకా వేశాను. షెడ్డు అంటుకున్నట్టే అనిపించింది. చెయ్యి ఆగిపోయింది. వేశారా అంది వచ్చి. వేశాను అన్నాను. అబద్ధం కాదు. వేశాను కదా.

మార్చి 12

జిగురు.

మార్చి 13

ఇంకా జిగురే. వేలితో తాకితే లేతపాకంలా తీగ సాగుతోంది. రెసిన్ డబ్బాలే పాడైపోయాయి అంటోంది కోడలు. అమ్మినాయన్ని ఫోన్లో కడిగి ఆరేసింది. పాపం, ఆయనకేం తెలుసు. కొత్త సరుకు రావడానికి పది రోజులు పడుతుందట. నాకు ముద్ద దిగలేదు. రెండోసారి వడ్డించుకోలేదు.

మార్చి 14, పొద్దున్న ఆరు

ఆరిందేమోనని కోడలు లేవకముందే వెళ్ళాను. అతుకు ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. పక్కన తట్టాను, కుండ కొనేటప్పుడు తట్టినట్టు, మడిచిన వేలితో. టంగ్. ఇంకొంచెం పక్కన. టంగ్. అతుకుకి రెండు జానల దూరంలో తప్ అంది. మళ్ళీ తట్టాను. తప్. పైన చూస్తే చిన్న గీత కూడా లేదు.

ఇది చెప్తే, తెల్లారకుండా అక్కడేం పని మీకు అంటుంది. తీగ లాగితే చుక్కలు బయటికొస్తాయి.

మార్చి 15

చెప్పలేదు. కలలో ఇనప్పెట్టె వచ్చింది.

మార్చి 16, ఆదివారం

మరిది వచ్చాడు. డ్రమ్ము వాయించే పుల్లలు వెంట తెచ్చుకుని మా సోఫా చేతి మీద వాయిస్తున్నాడు. సోఫా పోయిందనుకున్నాను. కోడలు తల వంచుకుని, చిన్నమావయ్యా, పెద్దది ఆ రోజుకి అందేట్టు లేదు, ఇంకెక్కడైనా అడిగి తెచ్చుకోండి, నాకు చేతకాలేదు అంది. పుల్లలు ఆగిపోయాయి.

చేతకాలేదు అన్న మాటకి నా నోరు ఊరుకోలేదు. పన్నెండే వేశానమ్మా అన్నాను. ఏం పన్నెండు అన్నాడు మరిది. చుక్కలు అన్నాను. ఎలాగూ తిట్లు తప్పవు, ఒకేసారి తినేద్దామని ఆ తప్ సంగతి కూడా చెప్పేశాను.

కోడలు లేచి షెడ్డు వైపు నడిచింది. మరిది మాత్రం, వదినా, మా అన్నయ్యని చేసుకునే ముందు కూడా ఇలాగే తట్టి చూశావా అన్నాడు. తట్టి ఉంటే చేసుకునేదాన్నా అన్నాను.

కోడలు డ్రమ్ములోపల బల్బు పెట్టి వెలిగించింది. గుల్లంతా పండిన బొప్పాయిలా వెలిగింది. నేను తట్టిన చోట మాత్రం అరచేయంత నల్లమచ్చ. లోపల పొరలు విడిపోయాయట. పైకి కనపడదట. వాయిస్తుంటే స్టేజీ మీదే విచ్చుకునేదట.

నన్ను ఒక్క మాట అనలేదు. దానికే భయమేసింది. జిగురంతా గీకేసి, మచ్చ కోసేసి, కొత్త గుడ్డ పరిచి, గిన్నె నా ముందు పెట్టింది. ఈసారి పైకి లెక్కపెట్టండి అంది. లెక్కపెట్టాను. మరిది ఒక్కో చుక్కకీ షెడ్డు బల్ల మీద ఒక్కో దెబ్బ వేశాడు. నలభై.

మార్చి 17

రాయైంది. గీరి చూస్తే గోరు విరిగింది. ఎంత సంతోషమో. కోడలు రెసిన్ ఆయనకి ఫోన్ చేసి, అన్నా ఏమనుకోకు అంది.

మార్చి 23, ఆదివారం సాయంత్రం

చెవుల్లో దూది పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. కప్పు కూలితే ఎటు పరిగెత్తాలో ముందే చూసి పెట్టుకున్నాను. మరిది పెద్దదాన్ని కాలితో ఒక్క దెబ్బ కొట్టాడు. నా పొట్టలో మోగింది. దూది తీసి రవికలో పెట్టుకున్నాను.

అయిపోయాక గిటారాయన మా దగ్గరికి వచ్చాడు. తన బావమరిది దగ్గర కూడా పాత సెట్టు ఒకటి పడి ఉందట. తట్టి చూసే ఆవిడ రోజూ ఉంటారా అని అడిగాడు. ఉంటారండీ, కానీ చుక్కలు నేనే వేస్తాను అంది కోడలు.

మార్చి 24

ఇంట్లో అన్నిటినీ తట్టి చూశాను. గ్యాస్ బండ, నీళ్ళ ట్యాంకు, అటక గోడ. అన్నీ టంగుమన్నాయి. డ్యూటీ దిగి నిద్రపోతున్న మావాడి తల ఒక్కటే తప్ అంది.

బల్బు ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.