కర్ర పట్టుకున్న వైపు నుంచి

రేణిగుంట,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన కోమలక్కకి,

నీ చెల్లెలు గ్రేసీ ప్రేమతో వందనాలు. ఇక్కడ అమ్మ, నాయన, నేను ముగ్గురం ఏ కొరతా లేకుండా ఉన్నాం. నీకూ సిస్టర్ల మఠంలో ఒంట్లో బాగుందని, అక్కడి చలి అలవాటైందని అనుకుంటున్నాను. మీకు ఫోన్ ఇవ్వరని మొదట్లో విసుక్కున్నాను గానీ, ఇప్పుడు ఉత్తరం రాయడమే బాగుంది. ఫోన్లో అయితే నన్ను ఇంతసేపు మాట్లాడనిచ్చేదానివి కాదు.

పోయిన ఉత్తరంలో రెండు విషయాలు అడిగావు. మొదటిది మన కరాటే క్లాసులోని సాయిల సంగతి. ఆ మూడు కొనల ఇనప ఆయుధాలు జపాన్ కింద ఉన్న ఒకినావా దీవిలో ఒకప్పుడు పొలం పనిముట్లని విన్నాం కదా, నిజమేనా అని అడగమన్నావు. అడిగాను. హిదాయతుల్లా మాస్టర్ నవ్వారు. "కొందరు అట్లంటారు. కొందరేమో కాదు, ఆడి పోలీసోళ్ళు పట్టుకునేటివి అంటారు. మనమేమన్నా ఆ దీవిలో ఉండి చూసినామా? తెలీదని రాయి మీ యక్కకి" అన్నారు. నాకైతే అలా తెలియకపోవడమే బాగుంది. చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, వీటిని మొదట ఎవరు పట్టుకున్నారో, ఎవరి మీద కోపంతోనో అని ఆలోచన వస్తుంది.

రెండోది, నువ్వు వెళ్ళాక జంట కటాలో, మనిద్దరం ఎదురెదురుగా చేసే ఆ దెబ్బల వరసలో, నాకు ఎదురు ఎవరు నిలబడుతున్నారని. చెబితే నవ్వుతావు. ఢిల్లీబాబన్న. తిరుపతి స్టేషన్ ముందు ఆటో తోలతాడు. నలభై దాటాక, పొట్టతో సహా వచ్చి క్లాసులో చేరాడు. నీ పొడుగు కర్ర ఆయనకిచ్చి, నేను సాయిలు పట్టుకుని నిలబడ్డాను. కర్ర నెత్తి మీదికి రావడం, నేను సాయిలు రెండూ అడ్డం పెట్టి ఆపడం మనకేమన్నా కొత్తా? నిద్రలో లేపినా చేస్తాననుకున్నాను.

ఢిల్లీబాబన్న కొట్టాడు. ఒక సాయి నా చేతిలోంచి ఎగిరి గోడకి తగిలింది. కర్ర భుజం మీద దిగింది.

"అయ్యో, పాపా! మెల్లిగానే ఏసినాను గదా!" అంటూ ఆయన కర్ర కింద పడేశాడు.

మాస్టర్ నా భుజం నొక్కి చూసి, ఎముకకేమీ కాలేదని తేల్చుకున్నాక, "ఇన్నాళ్ళూ నీ సాయిల మీద కర్ర బరువు పడనేలేదు గ్రేసీ. మీ యక్క జానెడు పైనే ఆపేసేది. చూసి గూడా పోన్లే అనుకున్నా" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారమంతా నీ మీద కోపమే. రాని విద్యని వచ్చినట్టు నమ్మించి, పైగా నన్నొదిలేసి వెళ్ళిపోయావనిపించింది. ఎందుకు ఆపేదని మాస్టర్‌ని మళ్ళీ మళ్ళీ అడిగాను. ఆయన విసిగిపోయి, "నువ్వే కర్ర పట్టుకోని చూడు" అన్నారు.

పట్టుకున్నాను. అక్కా, కర్ర ఇంత వింతైనదని నాకెప్పుడూ చెప్పలేదేం? పిడికిలి బిగిస్తే కదలదు. ముందు చేతిలో కాస్త జారనివ్వాలి. వెనక చేతిని నడుం దగ్గరికి లాగితేనే ముందు కొన బరువుగా పడుతుంది. అది కుదిరాక, సాయిలు పట్టుకున్న ఢిల్లీబాబన్న మీదికి గట్టిగానే దించాను. కర్ర వస్తుండగా ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది.

నేనూ అలాగే కళ్ళు మూసుకునేదాన్నా? నా మొహం చూసింది నువ్వొక్కదానివే. అందుకేనా ఆపేదానివి?

ఇప్పుడు ఆయనా నేనూ కళ్ళు తెరిచి నిలబడటం నేర్చుకుంటున్నాం. నిన్న పూర్తి వేగంతో వచ్చిన కర్రని ఆపాను. మోచేతుల దాకా అదిరింది. ఆ అదురు ఎలా ఉంటుందో ఇన్నేళ్ళూ తెలియకుండానే ఉన్నాను చూడు.

ఇక, రాయాలా వద్దా అని ఇంతదాకా సాగదీసిన మాట. క్రిస్మస్ తర్వాత నువ్వు సిస్టర్‌గానే ఉండిపోతానని మఠంలో మాటపట్టు ఇస్తావని, ఆపైన ఇక ఇంటి మనిషివి కావని తెలిసినప్పటి నుంచి నాయనకి నిద్ర లేదు. పోయిన నెల గోడౌన్ నుంచి వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ యమ్మకి ఒంట్లో బాగలేదని రాయి. అది వచ్చేస్తాది" అన్నాడు. సరే అన్నాను. ఆయన కోసమే కాదు. నువ్వొస్తే మళ్ళీ నా ఎదురుగా నిలబడతావని నాకూ ఆశ. మొదలుపెట్టి చించేశాను. అమ్మకి ఏమీ లేదు, నువ్వు కంగారు పడొద్దు. మొన్ననే రేషన్ బియ్యం మూట ఆటో నుంచి తనే దించుకుంది.

నిన్న నాయనతో చెప్పేశాను. "నేను రాయను నాయనా. అక్క ఏడ్సుకుంటా వస్తాది. అమ్మని సూసినాక మనిద్దరితో మాట్లాడదు."

ఆయన వాకిలి వైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత, "ఆడ అన్నం బాగా పెడతారంటనా?" అన్నాడు.

"అడిగి రాస్తాలే."

"నువ్వేం రాయబళ్ళేదు. నేనే పోయి సూసొస్తా."

వచ్చే నెల మొదటి ఆదివారం ముగ్గురం వస్తున్నాం. నిన్ను తీసుకురావడానికి కాదని నాయన అడగనివాళ్ళకి కూడా చెబుతున్నాడు. అంటే ఆశ ఇంకా పోలేదనే. నీ ఎదురుగా ఏడుస్తాడేమో. ఏడవనీ అక్కా, అది చూసి వచ్చేస్తానని తలూపొద్దు. రావాలని ఉంటే వచ్చేయ్. ఉండాలని ఉంటే మాత్రం ఆయన మొహం చూసి, ఉంటానని గట్టిగా చెప్పు. తట్టుకుంటాడు. పక్కన నేనుంటాను.

ఇట్లు,
నీ చెల్లెలు
గ్రేసీ